నీరడి చేతిలోంచి జారిన చెరువు

దక్కను పీఠభూమి మీద వాన కురిసేది ఏడాదిలో నాలుగు నెలలే. అడుగున గ్రానైటు రాయి, పైన పలచటి ఎర్రచెలక. పడ్డ నీళ్లలో ఇంకేది తక్కువ, వాలులోకి జారిపోయేది ఎక్కువ. ఆ వాలుకు అడ్డంగా మట్టికట్ట పోసి, కట్ట కింద వరి మడులు దున్ని, పక్క మెరక మీద ఇళ్లు కట్టుకున్న ఊళ్లు తెలంగాణలో, రాయలసీమలో ఎటు చూసినా కనిపిస్తాయి. పై ఊరి చెరువు అలుగు దుంకితే కింది ఊరి చెరువు నిండుతుంది. గొలుసుకట్టు అంటే ఇదే.

కాకతీయుల కాలానికి ఈ పని ఊపందుకుంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. పాఖాల, లక్నవరం కూడా ఆ కాలానివే. తటాకం సప్తసంతానాల్లో ఒకటి గనుక చెరువు తవ్విస్తే పుణ్యమనుకునేవారు. పుణ్యం ఒక్కటే అయితే ఇన్ని చెరువులు వచ్చేవి కావని నా అనుమానం. తవ్వించినవాళ్లకు, బాగోగులు చూసేవాళ్లకు దశబంధం పేరిట ఆదాయంలో వాటానో మాన్యమో దక్కేది. బ్రిటిషువాళ్ల రికార్డుల్లోనూ దశబంధం ఇనాములు కనిపిస్తాయి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) ఇంకా ముచ్చటైనది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు రోజుకు వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో, రెండేళ్లలో ఆ చెరువు కట్టించాడట. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. కట్ట ఊట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక వంటివి ఇంజనీరు చెప్పే మాటలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదన్నది మాత్రం తగాదాలు ఎరిగినవాడి మాట.

ఇక ఊళ్లో చెరువు నడిచే తీరు. తూము దగ్గర రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ పొడవాటి కర్ర, కర్ర కొసకు బిరడా. దాన్ని ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో చూసేవాడు నీరడి. రాయలసీమలో నీరుగంటి అంటారు. కర్ర బిగుసుకుంటే నీళ్లలో మునిగి తియ్యాల్సిందీ అతనే. కూలి డబ్బుల్లో కాదు, కోతలప్పుడు కళ్లం దగ్గర గింజల్లో కొలిచేవారు. నీళ్లు చాలని ఏడు యాసంగికి ముందు రైతులు కట్ట మీద కూర్చుని తైబందీ ఖరారు చేసేవారు. ఈసారి ఆయకట్టులో ఏ భాగానికి నీళ్లు, ఏది బీడు అన్నది అక్కడే తేలేది. కట్ట మైసమ్మకు బోనం, బతుకమ్మ సాగనంపడం, ఈత చెట్ల కల్లు, ఎండాకాలం చేపలు, పొలాలకు తోలే పూడికమన్ను అన్నీ ఆ కట్ట చుట్టూనే.

అలాగని అది సమధర్మమేమీ కాదు. తూముకు దగ్గరి మడులు దొరలవి, పెద్ద రైతులవి. కొసన, నీళ్లు అందీ అందని చోట పేదల చెక్కలు. నీళ్లు పంచే నీరడికి సొంత మడి ఉండటం అరుదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ప్రభుత్వాల చూపు డెల్టాల మీదికి, ఆపైన పెద్ద ప్రాజెక్టుల మీదికి మళ్లింది. చెరువు మరమ్మతు ఊరి చేతిలోంచి శాఖల చేతికి పోయింది. బోర్లు వచ్చాక, 2004లో ఉచిత కరెంటు కూడా తోడయ్యాక, ఎవరి నీళ్లు వారివే అయ్యాయి. చెరువు ఎండినా పక్కవాడితో మాట్లాడాల్సిన అవసరం లేకపోయింది. పూడిక కన్నా ఇదే పెద్ద దెబ్బ.

నీటి సంఘాల కోసం 1997లో చట్టం వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల లెక్కతో మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. పూడిక తీశారు, కట్టలు గట్టిపరిచారు, తూములు బాగుచేశారు. నిండిన చెరువుల చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకొచ్చాయి కూడా. కానీ శిఖం భూమిలో, అంటే చెరువు ముంపు నేలలో, నాటేసినవాళ్లు పంట మునుగుతుందని తూము తెరవమంటారు. కట్ట కింది రైతులు మూయమంటారు. పిల్ల చేపలు వదిలిన ముదిరాజులు, బెస్తలు ఎండాకాలానికి కొంతయినా నీళ్లు మిగల్చమంటారు. ఈ ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టే ఖర్చు ఏ అంచనాలోనూ రాయలేదు.