వెర్షన్ కంట్రోల్

వెర్షన్ కంట్రోల్ అనేది ఒక పత్రంలో లేదా ఫైళ్ల సముదాయంలో జరిగే ప్రతి మార్పునూ, చేసినవారి పేరు, తేదీ, వివరణలతో సహా నమోదు చేసి, పాత కూర్పులలో దేనినైనా తిరిగి పొందే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ.

దీని తొలి రూపాలలో ఒకటైన ఎస్‌సీసీఎస్‌ను 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ రూపొందించాడు. తరువాత ఆర్‌సీఎస్, సీవీఎస్, సబ్‌వర్షన్ వచ్చాయి. లినక్స్ కెర్నల్ నిర్మాణం కోసం 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ నేడు విస్తృత వాడుకలో ఉంది.

గిట్‌లో ఫైళ్లూ వాటి చరిత్రా నిలువ ఉండే చోటును రిపాజిటరీ అనీ, మార్పులను వివరణతో భద్రపరచడాన్ని కమిట్ అనీ, మూలానికి భంగం కలగకుండా విడిగా సాగే పనిని బ్రాంచ్ అనీ, దానిని తిరిగి కలపడాన్ని మెర్జ్ అనీ అంటారు. ఇద్దరు ఒకే పంక్తిని వేర్వేరుగా మార్చినప్పుడు ఏది ఉండాలో మనుషులే తేల్చాలి. పంక్తుల వారీ పోలిక సాదా పాఠ్య ఫైళ్లకు బాగా నప్పుతుంది. వర్డ్ ప్రాసెసర్ ఫైళ్లకు అంతగా నప్పదు. తెలుగు పాఠ్యంలో అక్షరాలను విడదీసే అదృశ్య యూనికోడ్ గుర్తు చేరినా, తొలగినా అది కూడా మార్పుగానే నమోదవుతుంది.

2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో, ప్రతి మార్పునూ నమోదు చేసే ఈ సూత్రమే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ద్వారా అమలవుతున్నది. వ్యాసాన్ని భద్రపరచిన ప్రతిసారీ కొత్త కూర్పు ఏర్పడుతుంది. పేజీ చరిత్రలో ఏ రెండు కూర్పులనైనా పోల్చి, అనుచితమైన మార్పును రద్దు చేయవచ్చు. రచయితలను పేర్కొనాలన్న లైసెన్సు నియమాన్ని పాటించడానికి ఆధారమూ ఆ చరిత్రే కావడం వల్ల, సమష్టి రచనలో జవాబుదారీతనానికి ఈ విధానం పునాదిగా నిలుస్తున్నది.