రోటా చక్రం: పురిటి వార్డు నుంచి తుర్కపల్లి దాకా

పళ్ళొచ్చే బిడ్డకు విరేచనాలు సహజమేనని మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాట. ఆరు నెలలకూ రెండేళ్ళకూ మధ్య పసివాళ్ళను ఈ జబ్బు ఎక్కువగా పట్టుకుంటుందని వారు సరిగ్గానే గమనించారు. పళ్ళు వచ్చేదీ ఆ వయసులోనే కనుక నేరం పళ్ళ మీద పడింది. పెద్దలను తప్పు పట్టలేము. 1973 వరకూ వైద్యులకు సైతం అసలు దోషి ఎవరో తెలియదు. ఆసుపత్రికి వచ్చిన బిడ్డల మలంలో బ్యాక్టీరియా కోసం వెదికితే, చాలామందిలో ఏదీ దొరికేది కాదు.

ఆ సంవత్సరం మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు జబ్బుపడిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు. గుండ్రటి వైరసు రేణువులు గుంపులుగా కనిపించాయి. బండిచక్రాన్ని పోలి ఉన్నాయని ఇంగ్లండులోని థామస్ ఫ్లూయెట్ వాటికి లాటిన్ మాట 'రోటా'ను పేరుగా సూచించాడు. చక్రం అని అర్థం.

దోషి దొరికాడు కానీ, అతనికి వేషాలు చాలా. రోటా వైరసు జన్యుపదార్థం ఒకే దారం కాదు, పదకొండు ముక్కలు. రెండు రకాల వైరసులు ఒకే కణంలో చేరితే ఆ ముక్కలు పేకముక్కల్లా కలిసిపోయి, కొత్త వైరసు పుట్టవచ్చు. పశువుల వైరసు ముక్క మనిషి వైరసులో చేరడమూ జరుగుతుంది. వైరసు పైతొడుగులోని రెండు మాంసకృత్తులను బట్టి శాస్త్రజ్ఞులు ప్రతి రకానికీ రెండు అంకెలు ఇస్తారు: ఒకటి 'జీ' అంకె, రెండోది 'పీ' అంకె. తొలిరోజుల్లో జెల్‌లో విద్యుత్తు పంపి, ఆ పదకొండు ముక్కలు పదకొండు గీతలుగా విడిపోయే తీరును చూసి రకాలను పోల్చేవారు. తరువాత పీసీఆర్, జన్యుక్రమ పఠనం వచ్చాయి.

మన కథ 1980లలో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పురిటి వార్డులో మొదలవుతుంది. అక్కడ నవజాత శిశువుల మలంలో రోటా వైరసు కనిపించింది, కానీ వారికి జబ్బు లక్షణాలు లేవు. మహారాజ్ కిషన్ భాన్ బృందం ఆ బిడ్డలను వదలకుండా గమనిస్తే, పెరిగే క్రమంలో వారికి రోటా విరేచనాల బెడద తక్కువగా ఉందని తేలింది. అంటే ప్రకృతే ఆ పసివాళ్ళకు టీకా వేసిందన్నమాట! ఆ వైరసుకు 116ఈ అని పేరు. రకం జీ9, పీ11. విశేషమేమిటంటే, మనిషి వైరసైన దానిలో పీ అంకెను నిర్ణయించే ముక్క ఆవుల వైరసుదానిని పోలి ఉంది. ఇంచుమించు అదే కాలంలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో సి. దుర్గారావు బృందం నవజాత శిశువులలో ఐ321 అనే మరో వైరసును గుర్తించింది. దానిలో పదకొండింట తొమ్మిది ముక్కలు పశువుల వైరసువే.

1987లో భారత, అమెరికా దేశాల మధ్య కుదిరిన టీకాల ఒప్పందం కింద ఈ రెండింటిపై పని సాగింది. శిశువులపై పరీక్షించినప్పుడు 116ఈ ఎక్కువ ప్రతిస్పందన ఇవ్వగా, ఐ321 వెనుకబడిపోయింది. ఈలోగా 1998లో అమెరికాలో విడుదలైన రోటాషీల్డ్ అనే టీకాను, కొందరు పిల్లలలో పేగు ముడుచుకుపోయే ప్రమాదం బయటపడి, 1999లో ఉపసంహరించారు. ఆ తరువాత ఏ రోటా టీకాకైనా భద్రతా పరీక్ష మరింత కఠినమయింది.

మేముండే మదీనాగూడ నగరానికి వాయవ్యాన, ముంబై రహదారి మీద ఉంది. ఇటు సాఫ్ట్‌వేరు కార్యాలయాలు లేచిన కాలంలోనే, అటు శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ లేచింది. 1996లో మొదలైన భారత్ బయోటెక్ అక్కడే 116ఈని టీకాగా మలచింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో తీవ్రమైన రోటా విరేచనాల నుంచి దాదాపు 54 శాతం రక్షణ కనిపించింది. 2015 మార్చిలో రోటావ్యాక్ విడుదలయింది.

సగం రక్షణేనా అని పెదవి విరిచే ముందు ఒక అంకె గుర్తుంచుకోవాలి. టీకాకు ముందు మన దేశంలో రోటా వల్ల ఏటా సుమారు 78,000 మంది అయిదేళ్ళలోపు పిల్లలు చనిపోయేవారని అంచనా. అందులో సగం తగ్గినా ఎన్ని ఇళ్ళలో దీపం నిలబడుతుందో!

2016 మార్చిలో ప్రభుత్వ టీకాల పట్టికలో రోటా టీకా చేరిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి రాష్ట్రం విడిపోయింది. టీకా తయారైన తెలంగాణలో పసివాళ్ళకు అది ప్రభుత్వ కేంద్రాలలో అందడానికి 2019 వరకూ ఆగవలసి వచ్చింది. చెరువు పక్కనున్న పొలానికే నీరు ఆలస్యంగా పారినట్టయింది.

టీకాతో కథ ముగియలేదు. ఒకే రకం నుంచి చేసిన మందు ఇన్ని వేషాల వైరసును ఆపగలదా అన్నది మొదటినుంచీ ఉన్న సందేహం. దానికి జవాబు చెప్పగలిగింది రకాలను లెక్కపెట్టే పనే. భారత వైద్య పరిశోధన మండలి 2005 చివరలో దేశవ్యాప్త నిఘా మొదలుపెట్టింది. తొలి రెండేళ్ళ లెక్కలో, విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లలలో 39 శాతం మందికి కారణం రోటా. అప్పుడు జీ2, జీ1 రకాలు ముందుండగా, తరువాతి సంవత్సరాలలో జీ3 ముందుకు వచ్చింది. 116ఈ జీ9 అయినా, పరీక్షలో ఇతర రకాలపైనా పనిచేసింది. తొమ్మిది రాష్ట్రాల ఆసుపత్రుల నుంచి సేకరించి 2025లో ప్రచురించిన ఫలితాలలోనూ రక్షణ 54 శాతమే నిలిచింది. రోటా వాటా 40 శాతం నుంచి 20 శాతానికి దిగింది.

మిగిలిన సగం బెడద ఇంకా అలాగే ఉంది. రోటా తగ్గిన చోట నోరో వైరసు వంటి ఇతర వైరసుల వాటా పెరుగుతుంది, నోరోకు ఇంకా టీకా రాలేదు. అందుకే మలాన్ని పరీక్షించి అంకెలు రాసుకునే ఆ అనాకర్షకమైన పని ఆగకూడదని నేననుకుంటాను. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే టీకాల కార్డులో ఆరు, పది, పద్నాలుగు వారాల గళ్ళు ఒకసారి చూడండి. విరేచనాలు పట్టుకుంటే, పళ్ళని సరిపెట్టుకోక, వెంటనే ఓఆర్ఎస్ కలిపి పట్టండి.