గోడ బయటి పేట: ముత్తియాల్‌పేట కుదురుకున్న తీరు

పుదుచ్చేరి చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా సముద్రపు ఒడ్డున, ఫ్రెంచివాళ్ల మేడల దగ్గర మొదలుపెడతారు. ఆ మేడలకు రాబడి తెచ్చిపెట్టినవి మగ్గాలు. వాటి కథ కావాలంటే పాత కోటగోడ దాటి, ఉత్తరాన మద్రాసు దారి పట్టి, ముత్తియాల్‌పేట లాంటి నేతపేటలకు రావాలి.

1673లో వలికొండపురం పాలకుడు షేర్ ఖాన్ లోడీ ఇచ్చిన చోట ఫ్రెంచి కంపెనీ తరఫున బెల్లాంజే ద లెస్పినే దిగాడు. మరుసటి ఏడాది నుంచి ఫ్రాన్స్వా మార్తె పగ్గాలు పట్టాడు. వాళ్లకు కావలసింది పొలం కాదు, బట్ట. బట్ట కావాలంటే నేసేవాళ్లు దగ్గరలో ఉండాలి. 1693లో ఊరిని పట్టుకున్న డచ్చివాళ్లు గీసిన పటంలోనే వృత్తుల వారీగా తిన్నని వీధులు కనిపిస్తాయి. 1697 రిస్విక్ ఒప్పందంతో ఊరు తిరిగి ఫ్రెంచివాళ్లదైంది. 1699లో వెనక్కి వచ్చిన మార్తె ఆ పటం బాటలోనే ఊరిని పెంచాడు. 1706లో నవాబు దావూద్ ఖాన్ ఇచ్చిన ఒళుగరై, కరువడికుప్పం మొదలైన గ్రామాలతో ఊరు గోడ బయటికీ పాకింది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలకు జనం కదిలింది నేల కోసం. 1862 నాటి నేల పంపిణీ చట్టం అక్కడ కుటుంబానికి 160 ఎకరాల ఆశ చూపింది. ఇక్కడ పుదుచ్చేరిలో జనాన్ని నిలబెట్టింది బయానా. కంపెనీ వర్తకులతో ఒప్పందం రాసుకునేది, వర్తకులు నేతగాళ్లకు ముందుగా సొమ్ము ఇచ్చేవాళ్లు. నేసిన తానులు కోటకు చేరితే అక్కడ ఏరివేత జరిగేది. నాసిగా తేలిన సరుకు నష్టం కిందివాళ్ల మీద పడేది. పడుగు పరచడానికీ, బట్ట ఉతికి ఆరేయడానికీ, నీలిమందు అద్దకానికీ ఆరుబయలూ నీళ్లూ కావాలి. ఇరుకైన కోటలో అవి దొరకవు. అందుకే కొనేవాడు గోడ లోపల, నేసేవాడు గోడ బయట.

ఈ తీరపు నేతలో తమిళ కైక్కోలర్లతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడే దేవాంగులూ ఉన్నారు. వ్యాపారంలో కోమట్లది ముఖ్యమైన చోటు. 1910లో అరవిందుడు వచ్చి దిగిన ఇల్లు కోమటి చెట్టి వీధిలోదే. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై కూడా వలసవాడే. 1709లో మద్రాసులో పుట్టి, తండ్రి వెంట ఇక్కడికి వచ్చాడు. 1736 నుంచి 1761 దాకా ఆయన రాసుకున్న దినచర్యలో బట్టల లెక్కలూ వర్తకుల తగాదాలూ రాజకీయాలతో సమానంగా చోటు చేసుకున్నాయి. కస్తూరి రంగకవి తెలుగులో రాసిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరిటే వెలిసింది.

అయితే గోడ బయట ఉండటానికి వెల చెల్లించాలి. ముట్టడి వస్తే మొదట దెబ్బ తినేది బయటి పేటలే. 1748లో ఇంగ్లీషు నౌకా సేనాని బాస్కవెన్ వచ్చి ఓడిపోయి వెళ్లాడు. 1760లో మరో ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ వచ్చినప్పుడు గోడ లోపలివాళ్లకూ రక్షణ దొరకలేదు. తిండి చాలక ఫ్రెంచి సేనాని లాలీ దాదాపు 1,400 మంది స్థానికులను కోట నుంచి గెంటేశాడు. వాళ్లు ఎనిమిది రోజులు రెండు సేనల మధ్య గడ్డివేళ్లు తిని బతికారు. 1761 జనవరిలో కోట లొంగాక ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. 1765లో ఊరు తిరిగి చేతికొచ్చాక ఫ్రెంచి గవర్నరు లా ద లోరిస్తోన్ మళ్లీ కట్టించాడు. 1778లో, 1793లో మళ్లీ ఇంగ్లీషువాళ్లదై, 1816లో చివరిసారిగా ఫ్రెంచివాళ్లకు దక్కింది. ప్రతిసారీ తిరిగి నిలబడటం సాధ్యమైంది ఎందుకంటే నేతగాడి ఆస్తి అతని చేతిలోనే ఉంటుంది. బయానా ఇచ్చేవాడు వస్తే మగ్గం మళ్లీ వేసుకోవచ్చు.

పంతొమ్మిదో శతాబ్దంలో పాత గోడ చోట బులవార్డులు వచ్చాయి. నీలిరంగు ‘గినీ’ బట్ట సెనెగల్ చేరి అక్కడ జిగురు కొనడానికి డబ్బులా చెల్లింది. 1828–29 ప్రాంతంలో యంత్రాల నూలు మొదలైంది. 1898లో రోడియే మిల్లు వచ్చింది. మిల్లులు ప్రధానంగా ఊరికి దక్షిణాన ముదలియార్‌పేట వైపే లేచాయి. 1936 జూలై 30న కాల్పుల్లో 12 మంది కార్మికులు చనిపోయింది ఆ మిల్లుల సమ్మెలోనే. అంతకు చాలా ముందే, యంత్రాల నూలు మొదలైన రోజుల్లోనే, వలస ఎదురుదారి కూడా పట్టింది. 1828లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని యానాం నుంచి తెలుగువాళ్లు రీయూనియన్ చెరకు తోటలకు కూలీలుగా ఓడెక్కారు.

ముత్తియాల్‌పేటలో మాత్రం చేతిమగ్గం నిలిచింది. 1908 నుంచి పదేళ్లు పుదుచ్చేరిలో తలదాచుకున్న తమిళ కవి సుబ్రహ్మణ్య భారతికి ఇక్కడి మగ్గాల యజమాని కృష్ణస్వామి చెట్టియార్ ఆప్తమిత్రుడు. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. గడియారపు స్తంభం చుట్టూ అంగళ్లు, ఇళ్లు పెరిగి పేట ఊళ్లో కలిసిపోయింది. ఇప్పుడది ఒక శాసనసభ నియోజకవర్గం కూడా.

ఈ మూడువందల ఏళ్లలో జెండాలు మారిన లెక్క ఒప్పందాల్లో దొరుకుతుంది. ఊరు ఎందుకు నిలిచిందన్న లెక్క మాత్రం బయానా చిట్టాల్లో వెతకాలి. కోటలు కట్టినవాళ్లు మూడుసార్లకు పైగా దాన్ని పోగొట్టుకున్నారు. నేసినవాళ్లు వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ ఊరయింది.