కోడ్ ఎడిటర్‌లో రంగుల వెనక ఒక డిక్షనరీ కథ

ఎడిటర్‌లో పైథాన్ ఫైల్ ఓపెన్ చేస్తే రంగులొస్తాయి. మీ టీమ్ సొంతంగా తయారుచేసుకున్న ఫైల్ ఓపెన్ చేస్తే? మొత్తం ఒకటే రంగు. "ఎడిటర్‌కి ఇది తెలీదులే" అని చాలామంది వదిలేస్తారు. కానీ హిస్టరీ చూస్తే, ఈ రంగుల కథలో సొంత ఫైళ్లు మొదట్నుంచీ ఉన్నాయి.

1980ల్లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలైంది. అది ప్రోగ్రామ్ కాదు కదా! ఒక్కో మాటకీ ఉచ్చారణ, పుట్టుక, అర్థాలు, పాత పుస్తకాల ఉదాహరణలు, వీటిని విడదీసే ట్యాగులు. అన్నీ ఒకే రంగులో ఉంటే సరిచూసేవాళ్ల కళ్లు ఏం కావాలి? ఐబీఎమ్‌లో పనిచేసే మైక్ కౌలిషా 1985లో దీనికోసం లెక్స్ అనే ఎడిటర్ రాశారు. మనం టైప్ చేస్తుండగానే ఏ భాగం ఏంటో గుర్తుపట్టి రంగులేసిన తొలి ఎడిటర్లలో అదొకటి. ఏ రకం ఫైల్‌కి ఏ రూల్స్ వాడాలో మార్చుకునే వీలు కూడా అందులో ఉంది. ఆ డిక్షనరీ రెండో ఎడిషన్ 1989లో 20 వాల్యూములుగా వచ్చింది.

1998లో విమ్ 5.0 వచ్చింది. అందులో రంగుల రూల్స్ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, ఎవరైనా రాసుకోవచ్చు. 2004లో అలన్ ఒడ్‌గార్డ్ మ్యాక్ కోసం టెక్స్ట్‌మేట్ తెచ్చారు. దాని గ్రామర్ ఫైల్ "ఇది కామెంట్, ఇది స్ట్రింగ్" అని పేర్లు మాత్రమే పెడుతుంది. రంగు వేసే పని థీమ్‌ది. అందుకే థీమ్ మార్చినా గ్రామర్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఇవాళ మనం వాడే వీఎస్ కోడ్‌లోనూ ఇదే పద్ధతి.

నేను జాబ్ చేసేటప్పుడు మా టీమ్‌కి ఒక రూల్స్ ఫైల్ ఉండేది. కామెంట్‌లో పెట్టి ఆపేసిన లైనూ, నడిచే లైనూ ఒకేలా కనపడేవి. కొత్తగా చేరినవాళ్లు ఆపేసిన రూల్‌ని పట్టుకుని గంటలు గంటలు వెతికేవాళ్లు. నాలుగే నాలుగు ప్యాటర్న్‌లతో గ్రామర్ రాస్తే, కామెంట్లు బూడిద రంగులోకి వెళ్లాయి. వెతుకులాట తగ్గింది.

ఒక్క జాగ్రత్త. ఈ గ్రామర్ ప్యాటర్న్‌ని పోలుస్తుంది అంతే, అర్థం చేసుకోదు. రంగు సరిగ్గా వచ్చినంత మాత్రాన కోడ్ కరెక్ట్ అని కాదు.

పైథాన్‌కి గ్రామర్ రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నలుగురే వాడే ఫైల్‌కి మాత్రం ఆ నలుగురిలో ఒకరే రాయాలి. మీ టీమ్‌లో అలాంటి ఫైల్ ఏదైనా ఉందా? కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!