అబ్బాజాన్ కుడి చెవి

మా అబ్బాజాన్ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్లలో ముప్పై ఏళ్లు జీపు తోలినారు. ఇప్పుడు ఫజర్ అజాన్ ఎడమ చెవికే వినపడుతుంది. కుడి చెవికి లేదు. ఉమర్ వల్లే అంటారు బంధువులు. నాకు మాత్రం జీపు తారీఖ్ గుర్తొస్తుంది.

అమెరికా వాళ్లు జంగ్ కోసం చేసుకున్న విల్లీస్ జీపును తర్వాత మహీంద్రా బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. పైన గుడ్డ టాపు, పక్కన తలుపు ఉండదు. సైలెన్సర్ షోర్ బయటికే పోతుంది గానీ, హవా డ్రైవర్ కుడి చెవిని కొడుతూనే ఉంటుంది. స్టీరింగు అటువైపే కదా! టాపు టపటపలు అదనం.

అంబాసిడర్‌లో హవా ఆగుతుంది. కానీ ఇంజన్ ఒకానొక వేగానికి చేరగానే సైలెన్సర్ బొంగురు ఆవాజ్ మూసిన రేకుల మధ్య గుంయ్‌మంటుంది, ఖాళీ దేగ్‌లో తలపెట్టి మాట్లాడినట్టు. దుల్హన్‌గా అమ్మీ పులివెందుల నుంచి అందులోనే వచ్చింది. దిగేసరికి సర్‌దర్ద్ అంట.

ఖామోషీ అమీర్లకే దక్కింది. రోల్స్ రాయిస్ 'సిల్వర్ ఘోస్ట్' అని పేరు పెట్టింది ఆవాజ్ లేదనే. అలాంటి కారుకు ఆర్డరిచ్చిన నిజాం మహబూబ్ అలీ ఖాన్ అది చేరకముందే, 1911లో ఇంతెఖాల్ అయినారు.

రోజూ 8 గంటలు 85 డెసిబెళ్లు దాటితే చెవికి ఖతరా అని ఇప్పటి లెక్క. అబ్బాజాన్ పొద్దున ఎక్కితే ఇషాకు దిగేవారు. చెవిలో పత్తి పెట్టుకోమని అమ్మీ పోరితే, "వెనక లారీ హారన్ ఎవరు వింటారే?" అనేవారు.