చూపు లేనివారు వెబ్ పేజీలు ఎలా తయారు చేస్తారు? అడ్డంకులు ఎక్కడ?

వెబ్ పేజీ అనగానే రంగులు, ఫొటోలు గుర్తొస్తాయి. కానీ బ్రౌజర్‌కు అందేది ప్రధానంగా అక్షరాలే. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అని చెప్పే గుర్తులను హెచ్‌టీఎంఎల్ అంటారు. ఈ గుర్తులు ఉన్న పాఠాన్ని చెవితో వినగలిగినవారు, లేదా బ్రెయిలీలో తాకి చదవగలిగినవారు రాయనూ గలరు. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు వైకల్యం ఉన్నవారు సుమారు 50 లక్షల మంది. వారిలో ఎందరు వెబ్ పేజీలు చదవడం దగ్గరే ఆగిపోతారు, ఎందరు తయారుచేసే స్థాయికి వెళ్తారు అన్నది చాలావరకు పనిముట్ల మీదే ఆధారపడి ఉంటుంది.

పని ఎలా జరుగుతుంది?

ప్రధాన సాధనం స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్నదాన్ని అది పలుకుతుంది, లేదా బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. ‘ఎన్‌వీడీఏ’ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ అంధులే. అంతకుముందే, 1995లో, పుణెలో పుట్టిన టీవీ రామన్ ‘ఈమాక్స్‌స్పీక్’ను విడుదల చేశారు. చూపు లేని ఈ కంప్యూటర్ శాస్త్రవేత్త రూపొందించిన సాఫ్ట్‌వేర్, కోడ్‌లోని వేర్వేరు భాగాలను వేర్వేరు గొంతులతో వినిపిస్తుంది. దాంతో రాసింది ఆదేశమా, వివరణా అన్నది విన్న వెంటనే తెలుస్తుంది.

నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ఎడిటర్‌లో రాసి, బ్రౌజర్‌లో తెరిచి, స్క్రీన్ రీడర్‌తో విని సరిచూసుకోవచ్చు. ఎన్‌వీడీఏలో ‘హెచ్’ మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు వెళ్తుంది. ఎక్కడైనా ఆగకుండా దాటిపోతే అక్కడ శీర్షిక గుర్తు పెట్టలేదని అర్థం. అక్షరాన్ని లావు చేసి వదిలేసిన శీర్షిక కంటికి బాగానే కనిపిస్తుంది. ఆ పొరపాటు ముందు దొరికేది చెవికే.

రంగుల సంగతికొస్తే, ప్రతి రంగుకూ ఒక సంఖ్యా సంకేతం ఉంటుంది. మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనకున్న రంగుకు మధ్య వ్యత్యాస నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఇది లెక్క కట్టి తేల్చే విషయం, చూపు అవసరం లేదు. ఒకదాని మీద ఒకటి పడిన పెట్టెలు, ఫొటోలో ఏం ఉందన్న నిర్ధారణ లాంటి వాటికి మాత్రం చూపున్నవారి సాయం చాలామంది తీసుకుంటారు.

తెలుగులో అదనపు చిక్కులు

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా పాత పద్ధతి ఫాంట్లతో టైపు చేసిన పాఠం ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఆ పద్ధతిలో కంటికి కనిపించేది తెలుగు, లోపల నిల్వ ఉండేది ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు వాడే సంకేతాలు. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని శబ్దాలుగా పలుకుతుంది. వార్తను బొమ్మగా పెట్టేస్తే పలకడానికి అక్షరాలే దొరకవు.

యూనికోడ్‌లో రాసినా జాగ్రత్త కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం లోపల ఆరు సంకేతాలుగా ఉంటుంది. తప్పు దిద్దాలంటే స్క్రీన్ రీడర్ వాటిని విడివిడిగా వినిపించగలగాలి. ఇక పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెడితే, తెలుగు గొంతు అందుబాటులో ఉన్న స్క్రీన్ రీడర్ దానికి మారగలదు.

పనిముట్లే తలుపు మూస్తే?

ఇప్పుడు చాలామంది కోడ్ రాయకుండా, రెడీమేడ్ ఎడిటర్లతో సైట్లు కడుతున్నారు. మౌస్‌తో లాగి వదలడమే మార్గమైతే, కీబోర్డు మీదే ఆధారపడేవారు అక్కడే ఆగిపోతారు. 2018లో వర్డ్‌ప్రెస్ కొత్త ఎడిటర్ ‘గూటెన్‌బర్గ్’ విషయంలో ఈ వివాదమే రేగింది. యాక్సెసబిలిటీ బృందానికి నాయకత్వం వహించిన రియాన్ రీట్‌వెల్డ్ ఆ అక్టోబరులో తప్పుకున్నారు. ఎడిటర్ డిసెంబరులో విడుదలైంది.

ఇలాంటి సాధనాల కోసమే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2015లో ‘ఏటాగ్ 2.0’ ప్రమాణం తెచ్చింది. ఎడిటర్ వికలాంగులకు వాడుకోవడానికి వీలుగా ఉండాలి, దానితో తయారైన పేజీ కూడా అందరికీ అందాలి అన్నవి అందులోని రెండు భాగాలు. డబ్ల్యూసీఏజీకి దక్కినంత ప్రచారం దీనికి దక్కలేదు.

చదువు, చట్టం

పనిముట్టు ఉన్నా, నేర్చుకునే అవకాశం రావాలి. పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్‌లో సైన్స్ చదవడానికి న్యాయపోరాటం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే అమెరికాలోని ఎంఐటీకి వెళ్లారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు యానాం ఉన్న పుదుచ్చేరికీ వర్తిస్తుంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రధానంగా సేవలు పొందేవారి గురించి. ఆ సేవల పేజీలు నింపే ఉద్యోగాల్లో చూపు లేనివారు ఉండాలంటే, ఆఫీసులు సాఫ్ట్‌వేర్ కొనే ముందే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు: మౌస్ పక్కనపెట్టి, తెర ఆపేసి, ఒక పేజీ రాసి ప్రచురించగలమా?