స్ట్రెచర్ మోసిన భుజాలు, మూడు పౌన్ల లైసెన్సు

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో, సైనికసేవలో అంగవైకల్యం పొందిన మాజీ సైనికులకు వేట లైసెన్సు, చేపలు పట్టే లైసెన్సు తక్కువ రుసుముకు ఇస్తారు. కొన్నిచోట్ల ఉచితంగానే ఇస్తారు. కాలిఫోర్నియాలో సైనికసేవ వల్ల కలిగిన వైకల్యం 50 శాతం గాని అంతకు మించి గాని ఉంటే ఈ తగ్గింపు లభిస్తుంది. అందువల్ల మిగిలే సొమ్ము కొద్దిపాటిదే. కాని చేసిన సేవను ప్రభుత్వం మరువలేదనడానికి అది గుర్తు.

యుద్ధసేవ, లైసెన్సు అనే ఈ రెండు మాటలు మన నేటాల్ చరిత్రలో కూడా కలిసి వస్తాయి. అయితే ఇక్కడ లైసెన్సు వేట కోసం కాదు, ఈ నేలమీద నివసించడం కోసం.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. 1911 వరకు వచ్చిన సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలాదిగా ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఐదవ ఏట 14 షిల్లింగులు.

1895లో నేటాల్ ప్రభుత్వం 17వ చట్టం చేసింది. దాని కింద వచ్చిన కూలీ, గడువు ముగిశాక మళ్ళీ ఒప్పందంలో చేరకుండా, స్వదేశానికి పోకుండా ఇక్కడే ఉంటే, ఏటేటా 3 పౌన్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మొదట వలస పాలకులు 25 పౌన్లు కోరారు. ఇండియా వైస్రాయి ఎల్గిన్ దానిని 3 పౌన్లకు తగ్గించాడు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అంటే కొత్త కూలీకి ఆరు నెలల జీతం.

1899లో బోయర్ యుద్ధం వచ్చింది. గాంధీగారి నాయకత్వాన భారతీయ అంబులెన్సు దళం ఏర్పడింది. సుమారు 1,100 మందిలో 300 మంది స్వతంత్రులు, తక్కినవారంతా ఒప్పంద కూలీలే. కొలెన్సో, స్పియన్ కాప్ యుద్ధాలలో గాయపడిన బ్రిటిష్ సైనికులను వారు స్ట్రెచర్లపై మోశారు. ఒక్కొక్క రోజు 20, 25 మైళ్ళు నడిచారు. యుద్ధం ముగిశాక దళ నాయకులకు పతకాలు వచ్చాయి.

1901 నుండి 3 పౌన్ల వసూలు మొదలైంది. స్ట్రెచర్ మోసినవారికి ఆ చట్టంలో మినహాయింపు లేదు. పైగా 1903లో 16 ఏళ్ళు నిండిన కొడుకుల మీద, 13 ఏళ్ళు నిండిన కూతుళ్ళ మీద కూడా పన్ను వేశారు. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు గల ఇంటికి ఏటా 12 పౌన్లు! కట్టలేనివారు మళ్ళీ తోటల్లో ఒప్పందానికి వేలిముద్ర వేయవలసి వచ్చింది. చట్టం కోరిందీ అదే.

ఆ పన్ను దయవల్ల పోలేదు. 1913లో న్యూకాసిల్ బొగ్గు గనుల్లో మొదలై చెరకు తోటల దాకా పాకిన సమ్మె వల్ల, జైళ్ళకు వెళ్ళిన స్త్రీపురుషుల వల్ల, 1914లో వచ్చిన చట్టంతో అది రద్దయింది.

మన పిల్లలకు స్పియన్ కాప్ గురించి చెప్పేటప్పుడు నాయకుల పతకాలతో ఆపకండి. కూలీల భుజాల గురించి, మూడు పౌన్ల గురించి కూడా చెప్పండి. మీ ఇంటి పాత పెట్టెలో తాతముత్తాతల ఒప్పంద పత్రం గాని, పన్ను రశీదు గాని ఉంటే పారవేయకండి. వారికి ఎవరూ ఇవ్వని పతకం అదే.